ఓడ తిరిగొచ్చి చెప్పే లెక్క

విశాఖపట్నంలో సింధియా అనే పేట ఉంది. అది ఒక ఓడల కంపెనీ పేరని ఇవాళ ఆ స్టాపులో బస్సు దిగే పిల్లల్లో చాలామందికి తెలియదు. వాల్‌చంద్ హీరాచంద్ నడిపిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ చేత ఇక్కడ ఓడల యార్డుకు పునాదిరాయి వేయించింది. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి అక్కడ కట్టిన జలఉష అనే ఓడను నీళ్ళలోకి దించారు. 1961 నాటికి యార్డు పూర్తిగా ప్రభుత్వానిదైంది. కంపెనీ వెళ్ళిపోయింది, పేరు మాత్రం పేటకు మిగిలింది.

మా నాన్న ఆ యార్డులో లాఫ్టు పనివాడు. లాఫ్టంటే నాలుగైదు కల్యాణమండపాలు కలిపినంత చెక్క నేల. కాగితం మీద జానెడు ఉన్న ఓడ గీతలను ఆ నేల మీద అసలు కొలతతో గీసేవారు. ఆ గీతల మీద చెక్క అచ్చులు కోసి, ఆ అచ్చుల ప్రకారం ఇనప రేకులు వంచేవారు. రోజంతా మోకాళ్ళ మీద పాకుతూ చేసే పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న ప్యాంటు మోకాళ్ళ దగ్గర సుద్దతో తెల్లబడి ఉండేది. చొక్కా జేబులో ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. ఏ ఓడకు ఎన్నో ఫ్రేము, అంటే ఓడ పక్కటెముక, దగ్గర అచ్చుకీ రేకుకీ ఎంత తేడా వచ్చిందో, ఎందుకు వచ్చి ఉంటుందని తనకు తోచిందో అందులో రాసుకునేవాడు.

"ఇదెందుకు నానా, ఆ ఓడ అయిపోయింది కదా?" అనడిగాను ఒకసారి.

"ఓడ అయిపోయింది. ఇలాటిదే రేపు ఇంకోటి వస్తాదమ్మా. అప్పుడు మళ్ళీ ఈ ఫ్రేము కాడే తప్పు చేస్తే నాకు ఏటి వచ్చినట్టు?"

ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా ఆ నోటుబుక్కు గురించే.

యార్డుకు కూతవేటు దూరంలో గాంధీగ్రాం. నేను ఇంటర్ చదివే రోజుల్లో అక్కడ నేషనల్ షిప్ డిజైన్ అండ్ రీసెర్చ్ సెంటర్ అని బోర్డు ఉండేది. నాన్న స్కూటరు ఆపి చూపించాడు. మన యార్డులో కట్టే ఓడలకు గీతలు పైదేశాల నుంచి కొనుక్కోనవసరం లేకుండా ఇక్కడే గీస్తారని చెప్పాడు. ఆ బోర్డు చూశాకే నేను నేవల్ ఆర్కిటెక్చర్, అంటే ఓడల డిజైను, చదవాలనుకున్నాను. చదివాను కూడా. 2008 నవంబరులో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఏర్పడింది, గాంధీగ్రాం కేంద్రాన్ని అందులో కలిపేశారు. కేంద్రం కాస్తా కాంపస్ అయింది. చదువు చెప్పడాన్ని నేను తక్కువ చెయ్యను. అక్కడ చదివిన పిల్లలు నా పక్క సీట్లలో పనిచేశారు, గట్టివాళ్ళు. కానీ ఓడల కోసం పెట్టిన ఒక జాతీయ పరిశోధన కేంద్రం పేరు జనం నోట్లోంచి అలా జారిపోయింది. దానికోసం ఎవరూ పెద్దగా బెంగపడకపోవడం నన్ను ఇన్నేళ్ళూ బాధపెట్టింది.

ఇప్పుడు మళ్ళీ ఆశ పుట్టింది. 2025 సెప్టెంబరు 24న కేంద్ర మంత్రివర్గం ఓడల నిర్మాణానికి 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీ ఆమోదించింది. అందులో 24,736 కోట్లు ఓడల నిర్మాణానికి ఆర్థిక సాయం, 25,000 కోట్లు మారిటైమ్ అభివృద్ధి నిధి, 19,989 కోట్లు షిప్‌బిల్డింగ్ డెవలప్‌మెంట్ స్కీము. ఆ స్కీములోనే ఒక చిన్న పద్దుగా మారిటైమ్ యూనివర్సిటీ కింద ఇండియా షిప్ టెక్నాలజీ సెంటర్ ఉంది. అది వచ్చేది మన విశాఖకే.

ఆ వార్త చదివినప్పుడు నాకు ముందు నాన్న స్కూటరు గుర్తొచ్చింది. వెంటనే గుండెలో గుబులూ పుట్టింది. భవనం కడతారు, యంత్రాలు కొంటారు, రిబ్బను కత్తిరిస్తారు. ఆ నోటుబుక్కు మాత్రం ఎవరూ పెట్టకపోతే? ఓడల పరిశోధన కేంద్రానికి అసలు ఆస్తి దాని జ్ఞాపకమే. కట్టిన ప్రతి ఓడా సముద్రంలోకి వెళ్ళి తిరిగొచ్చి చెప్పిన లెక్కే ఆ జ్ఞాపకం. దాన్ని మొదటిరోజు నుంచీ కూడబెట్టే ఏర్పాటు లేకపోతే, ఈ కొత్త కేంద్రం కూడా ఇంకో ఇరవై ఏళ్ళకు పాత బోర్డే అవుతుందని నా నమ్మకం.

అదెలాగో చెప్పాలంటే టోయింగ్ ట్యాంకులో ఏం జరుగుతుందో కొంచెం వివరించాలి.

వంద మీటర్ల ఓడ కట్టాలనుకుందాం. దాన్ని ఎంత ఇంజను లాగగలదో కట్టకముందే తెలియాలి. అందుకని ఇరవై అయిదో వంతు కొలతతో, నాలుగు మీటర్ల నమూనా చేస్తారు. పొడవాటి నీళ్ళ తొట్టె మీద పట్టాలపై నడిచే బండికి దాన్ని కట్టి లాగుతూ, నీళ్ళు ఎంత ఎదురొత్తుతున్నాయో కొలుస్తారు. ఓడ 15 నాట్ల వేగంతో (నాటంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వెళ్ళాలంటే నమూనాను 3 నాట్లతో లాగితే చాలు. అప్పుడు నమూనా లేపే అలల తీరు పెద్ద ఓడ లేపే అలల తీరుతో సరిపోతుంది. 19వ శతాబ్దంలో విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు కనిపెట్టిన సూత్రమిది. కొలత ఇరవై అయిదో వంతైతే వేగం దాని వర్గమూలం మేరకు, అంటే అయిదో వంతుకు తగ్గాలి.

కథ ఇక్కడితో అయిపోతే ఏ కాలేజీలోనైనా ఒక తొట్టె తవ్వుకుని ఓడలు గీసుకోవచ్చు. కానీ నీళ్ళు ఓడను రెండు రకాలుగా అడ్డుకుంటాయి. అలలు లేపడానికి పోయే బలం ఒకటి, ఓడ ఒంటిని నీళ్ళు రాసుకుంటూ పోయే ఘర్షణ ఇంకొకటి. ఫ్రూడ్ సూత్రం అలలకు పనికొస్తుంది, ఘర్షణకు పనికిరాదు. నమూనాలో రెండూ కలిపే కొలవగలం. అందుకని మొత్తంలోంచి ఘర్షణను లెక్కకట్టి తీసేసి, మిగిలినదాన్ని 15,625 రెట్లు పెంచి, దానికి పెద్ద ఓడ ఘర్షణను మళ్ళీ లెక్కకట్టి కలుపుతారు. అసలు ఓడ ఒళ్ళు నమూనాలాగా నున్నగా ఉండదు. వెల్డింగు గట్లుంటాయి, రంగు గరుకుగా ఉంటుంది. కాబట్టి చివర్లో ఇంకో చిన్న అంకె కూడా కలపాలి. ఈ అంకె దగ్గరే ట్యాంకుకీ ట్యాంకుకీ తేడా వస్తుంది. ఏ ట్యాంకుకు ఆ ట్యాంకు తాను పరీక్షించిన పాత ఓడలు సముద్రంలో నిజంగా ఎంత వేగంతో నడిచాయో చూసుకుని, తన అంచనాలతో పోల్చుకుని ఆ అంకెను తేల్చుకుంటుంది. వందల ఓడల లెక్క దగ్గరున్న కేంద్రం ధైర్యంగా అంకె చెబుతుంది. ఎంత ఖరీదైన బండి పెట్టినా, ఆ లెక్క లేని కేంద్రం పక్కవాడి అంకె అరువు తెచ్చుకుంటుంది.

ఈ సంగతి ఫ్రూడ్‌కు మొదటిరోజే తెలుసు. చిన్న నమూనాలతో పెద్ద ఓడల గురించి ఏమీ చెప్పలేమని 1870లో సాటి ఇంజనీర్లే సభలో నిలబడి వాదించారు. ఆ రోజుల్లో పేరుమోసిన ఓడల నిర్మాత స్కాట్ రస్సెల్ ఆ ప్రయోగాలు చూడముచ్చటగా ఉంటాయే తప్ప పెద్ద ఓడకు అక్కరకు రావని తీసిపారేశాడు. ఫ్రూడ్ మాటలతో జవాబివ్వలేదు. నౌకాదళం ఇచ్చిన 2,000 పౌండ్లతో ఇంగ్లండులోని టోర్కీ అనే ఊళ్ళో తన ఇంటి పక్కనే సుమారు 85 మీటర్ల తొట్టె కట్టుకున్నాడు. 1871లోనే గ్రేహౌండ్ అనే నిజం యుద్ధనౌకను ఇంకో నౌకకు కట్టించి సముద్రంలో లాగించి, తాడు మీద పడ్డ బలం కొలిచాడు. ఆ కొలతలను నమూనా కొలతల పక్కన పెట్టి చూపించాక ప్రపంచం నమ్మింది. తొట్టె పుట్టుకలోనే అసలు ఓడ సాక్ష్యం ఉంది.

ఇంకో కథ నాకు మరీ ఇష్టం. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944లో, బ్రిటన్ ఓడల పరిశ్రమకంతటికీ కలిపి ఒక పరిశోధన సంఘం పెట్టుకుంది. ఘర్షణ లెక్క ఎంత నిజమో తేల్చాలని వాళ్ళకు పట్టుదల. చిక్కేమిటంటే ఓడ తన ప్రొపెల్లరుతో తాను నడిస్తే ఆ ప్రొపెల్లరు వెనక నీళ్ళను కలచి కొలతను పాడుచేస్తుంది. ఇంకో ఓడతో లాగిస్తే ముందున్న ఓడ నీళ్ళను కలచేస్తుంది. అప్పుడు వాళ్ళు క్లైడ్ నదిలో జీవితమంతా జనాన్ని మోసి రిటైరైన లూసీ ఆష్టన్ అనే 1888 నాటి పడవను తీసుకున్నారు. దాని తెడ్డుచక్రాలు పీకేసి, పైన డెక్కు మీద నాలుగు విమానపు జెట్ ఇంజన్లు బిగించారు. నీళ్ళను తాకకుండా గాలిలోకే ఊదుతూ ముందుకు వెళ్ళే ఓడ అన్నమాట. స్కాట్లండ్‌లో గేర్‌లాక్ అనే ప్రశాంతమైన సముద్రపాయలో దాన్ని మళ్ళీ మళ్ళీ నడిపి కొలిచారు. ఒకసారి అతుకుల గట్లను సాఫు చేసి, ఒకసారి అలాగే వదిలేసి, ఒకసారి రంగు మార్చి. ఫలితాలన్నీ అచ్చేశారు. అరవై ఏళ్ళ ముసలి పడవ మీద జెట్ ఇంజన్లు పెట్టి హోరెత్తిస్తూ తిప్పిన ఆ మనుషుల ఫొటో చూసినప్పుడల్లా నాకు వాళ్ళ మీద ప్రేమ కలుగుతుంది. ఒక్క చిన్న అంకె కోసం అంత శ్రమ!

మన సంగతికి వస్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డిజైను ఆఫీసులో సముద్రంలో చమురు బావులకు సరుకు చేరవేసే చిన్న ఓడ మీద పనిచేశాను. నమూనా పరీక్ష ఐరోపాలో చేయించారు. అందమైన రిపోర్టు వచ్చింది. ఓడ కట్టారు, సముద్రంలో ట్రయల్ చేశారు. రిపోర్టు చెప్పిన వేగానికీ ట్రయల్‌లో వచ్చిన వేగానికీ అర నాటు తేడా. ఒప్పందంలో రాసుకున్న హద్దు లోపలే ఉంది కాబట్టి ఓనరు సంతకం పెట్టాడు, యార్డుకు డబ్బులొచ్చాయి, అందరూ స్వీట్లు పంచుకున్నారు. ఆ అర నాటు ఎందుకు తగ్గిందో చూద్దాం, ట్రయల్ కాగితాలు ఇప్పించండి అని నేను అడిగాను. ఆఫీసులో యార్డునడగమన్నారు. యార్డులో ఓనర్ని అడగమన్నారు. ఓనరు తరఫు మనిషి "ఓడ బాగానే నడుస్తోంది కదా మేడమ్, మీకెందుకు?" అన్నాడు. ఫైలు మూసేశారు. తర్వాత అలాటి ఓడే ఇంకొకటి వచ్చినప్పుడు మేము ఆ అర నాటు సంగతి తెలియకుండానే మొదటి గీత గీశాం. ఐరోపాలో ఉన్న ట్యాంకువాళ్ళకు ఆ ట్రయల్ ఫలితం అందిందో లేదో గానీ, అందితే వాళ్ళ జ్ఞాపకంలో మా ఓడ ఒకటి చేరి ఉంటుంది. మా దగ్గర మిగిలింది బిల్లు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఫ్రేము నంబరైనా రాసుకున్నావా?" అన్నాడు.

ఇదంతా మన చేతకానితనం అనుకుంటే పొరపాటు. ఇదే విశాఖలో, గాంధీగ్రాం నుంచి ఊళ్ళోకి వెళితే నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లాబొరేటరీ ఉంది. 1969లో పెట్టిన రక్షణ పరిశోధన సంస్థ. అక్కడ 500 మీటర్ల టోయింగ్ ట్యాంకు ఉంది, తుపాను అలల్ని పుట్టించి నమూనాలను ఊపే 135 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు ఉన్న బేసిన్ ఉంది. నౌకాదళానికి 1960ల నుంచీ సొంత డిజైను విభాగం ఉంది. మన గోదావరి పేరు పెట్టుకున్న యుద్ధనౌక 1983లో నౌకాదళంలో చేరింది. దాని డిజైను మనవాళ్ళదే. అక్కణ్ణుంచి 2022 సెప్టెంబరు 2న విధుల్లో చేరిన విక్రాంత్ దాకా ఒక తాడు తెగకుండా సాగింది. ఎందుకు తెగలేదు? గీసినవాడు, పరీక్షించినవాడు, నడిపేవాడు ఒకే ఇంటివాళ్ళు. ఓడ తిరిగొచ్చి "ఇక్కడ బాగోలేదు" అంటే వినేవాడు అక్కడే ఉన్నాడు. సరుకు ఓడలకు అలాంటి ఇల్లు లేదు. యార్డు ఒకరిది, ఓడ ఒకరిది, డిజైను ఇంకో దేశానిది. ఆ విడివిడి మనుషుల మధ్య జ్ఞాపకాన్ని మోసుకుపోయే పని ప్రభుత్వ కేంద్రం తప్ప ఇంకెవరూ చెయ్యరు, ఎందుకంటే దానివల్ల ఏ ఒక్కరికీ ఈ ఏడాది లాభం రాదు.

నా స్నేహితుల్లో కొందరు ఈ వాదన వినగానే బ్రిటన్ వైపు వేలు చూపిస్తారు. ఫ్రూడ్ అక్కడివాడే, లూసీ ఆష్టన్ అక్కడిదే, అయినా వాళ్ళ యార్డులు మూతపడ్డాయి కదా అంటారు. నిజమే. ఆ పరిశోధన సంఘం కూడా 1985లో ఇంకో సంస్థతో కలిసిపోయింది. పరిశోధన ఉన్నంత మాత్రాన యార్డులు బతకవు. పెట్టుబడి, కార్మికులతో సర్దుబాటు, యార్డులో పని నడిచే పద్ధతి, అన్నీ కావాలి. కానీ ఆ తాళ్ళన్నీ ఉండి ఈ తాడు లేకపోయినా పని జరగదని చూపించిన దేశం కొరియా. ఉల్సాన్‌లో హ్యుందాయ్ యార్డు మొదలైనప్పుడు, 1970ల తొలినాళ్ళలో, వాళ్ళూ స్కాట్లండ్ నుంచి గీతలు కొనుక్కున్నారు. కానీ యార్డు లేస్తుండగానే పరిశోధన సంస్థ మొదలుపెట్టారు. అదే ఇవాళ దేజాన్‌లో ఉన్న క్రిసో. దేజాన్ సముద్రం ఒడ్డున కూడా లేదు. ఇవాళ చైనా, కొరియా, జపాన్ మూడూ కలిసి ప్రపంచంలో కట్టే ఓడల టన్నుల్లో తొంభై శాతానికి పైగా కడుతున్నాయి. మనది ఒక శాతం కూడా లేదు.

క్రిసో చేసిన ఒక పని గురించి ఇక్కడ చెప్పాలి. 1990ల్లో వాళ్ళు కొన్ని ఓడల ఆకారాలు గీశారు. 230 మీటర్ల కంటెయినర్ ఓడ కేసీఎస్, 320 మీటర్ల చమురు ఓడ కేవీఎల్‌సీసీ2. వీటిని నిజం ఓడలుగా ఎప్పుడూ కట్టలేదు. నమూనాలు చేసి, నీళ్ళు వాటి చుట్టూ ఎలా పారుతున్నాయో అణువణువూ కొలిచి, గీతలనూ కొలతలనూ ప్రపంచమంతటికీ ఉచితంగా ఇచ్చేశారు. ఇప్పుడు ఏ దేశంలో ఎవరు కంప్యూటరు మీద ఓడ చుట్టూ నీటి ప్రవాహం లెక్కకట్టే పద్ధతి తయారుచేసినా, అది నిజమో కాదో ఈ కొరియా ఓడల మీదే రుజువు చేసుకుంటారు. నా ఎంటెక్ ప్రాజెక్టు కేసీఎస్ మీదే. మన కాలేజీల్లో పిల్లలు ఇవాళ్టికీ కేసీఎస్ గీతలతోనే మొదలుపెడతారు. కంప్యూటర్లు వచ్చాక తొట్టెలతో పనేముంది అనేవాళ్ళకు ఇదే నా జవాబు. కంప్యూటరు చెప్పింది సరైనదని చెప్పడానికి ఎక్కడో ఎవరో కొలిచిన నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు మనవి కాకపోతే మన సముద్రం గురించి, మన నదుల గురించి, మన పడవల గురించి ఆ కంప్యూటరును నమ్మేదెలా?

అందుకని కొత్త కేంద్రాన్ని నేను అడిగేది యంత్రాల జాబితా కాదు.

ప్రభుత్వం 24,736 కోట్ల సాయం ఇస్తోంది. ఆ సాయం తీసుకుని కట్టే ప్రతి ఓడకూ ఒకే ఒక్క షరతు అదనంగా పెట్టమంటాను. నమూనా పరీక్ష ఫలితాలూ, సముద్రపు ట్రయల్ కొలతలూ, మొదటి ఏడాది ప్రయాణాల్లో వేగం, ఇంధనం లెక్కలూ ఈ కేంద్రంలో జమ చెయ్యాలి. ఇందులో కొత్తగా కొలవాల్సింది చాలా తక్కువ. 2013 జనవరి 1 నుంచి అంతర్జాతీయ సముద్రాల్లో తిరిగే కొత్త సరుకు ఓడలకు ఈఈడీఐ అనే ఇంధన కొలమానం తప్పనిసరి అయింది. దానికోసం ట్యాంకు పరీక్ష, ట్రయల్‌లో వేగం, శక్తి కొలతలు ఎలాగూ చేస్తున్నారు. ఆ కాగితాలు ఉన్నాయి. తలా ఒక బీరువాలో ఉన్నాయి. వాటిని ఒకచోటికి చేర్చమంటున్నాను, అంతే.

యార్డులవాళ్ళు వ్యాపార రహస్యం అంటారని తెలుసు. ఆ భయాన్ని కొట్టిపారెయ్యను. ఓడ పేరు, యార్డు పేరు తీసేసి, అయిదేళ్ళ తర్వాతే బయటపెట్టే పద్ధతి పెట్టుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో వాగనింగన్ అనే ఊళ్ళో 1932 నుంచి నడుస్తున్న ట్యాంకు తాను పరీక్షించిన ప్రొపెల్లర్ల వరుస ఒకదాని ఫలితాలు అచ్చేసింది. ఇవాళ ప్రపంచంలో ఏ చిన్న డిజైనరైనా ప్రొపెల్లరు ఎంచుకోవాలంటే ముందు ఆ వాగనింగన్ బి సిరీస్ పటాలే తెరుస్తాడు. ఇచ్చినందువల్ల ఆ సంస్థ చితికిపోలేదు. అందరూ దాని భాషలోనే మాట్లాడడం మొదలుపెట్టారు.

మనుషుల సంగతి కూడా. ట్యాంకు దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడి, తెర మీద గీత వంకర పోగానే ఏం జరిగిందో చెప్పగలిగే మనిషిని డిగ్రీతో కొలవలేం. యూనివర్సిటీ జీతాల పట్టికలో, బదిలీల పట్టికలో అలాంటివాళ్ళకు చోటు లేకపోతే వాళ్ళు సింగపూర్ వెళ్ళిపోతారు. వెళ్ళారు కూడా, నా బ్యాచ్‌లోనే ముగ్గురు.

ఇక చిన్న పడవల మాట. ఈ విషయంలో నాకు ఆవేశం ఎక్కువ, దాచుకోను.

ఓడల కేంద్రం అనగానే అందరి కళ్ళ ముందూ మూడు వందల మీటర్ల ట్యాంకరు కదులుతుంది. భారతదేశం విదేశీ ఓడలకు ఏటా దాదాపు 6 లక్షల కోట్ల కిరాయి కడుతోందని ప్రధాని 2025 సెప్టెంబరులో భావనగర్ సభలో చెప్పారు. కాబట్టి పెద్ద ఓడలు కావాలి, కాదనను. కానీ పెద్ద ఓడ కొనేవాడికి ఐరోపా ట్యాంకుకు డబ్బు కట్టే స్తోమత ఉంది. విశాఖ ఫిషింగ్ హార్బరులో సోనా బోటు, అంటే వల లాగే మర పడవ, కట్టించుకునేవాడికి లేదు. అతని బోటు గీతలు మేస్త్రి తలలో ఉంటాయి. ఇంజను డీలరు చెప్పినంత పెడతారు. ప్రొపెల్లరు పాత బోటుకు ఏది ఉందో అదే. వేటకయ్యే ఖర్చులో పెద్ద వాటా డీజిలుదే, ఆ డీజిలులో ఎంత నీళ్ళలో ఊరికే కరిగిపోతోందో ఎవరూ కొలిచి చెప్పరు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ 2016లో సాగర్ హరిత అనే 19.75 మీటర్ల చేపల ఓడను ఇంధనం ఆదా కోసమే రూపొందించి నీళ్ళలో దించింది. మంచి పని అది. దాన్ని మన హార్బరు బోట్ల దాకా, ఒక్కో బోటు గీత దాకా తీసుకురావాలంటే విశాఖలో ఎవరో ఒకరు రోజూ ఆ పని మీద కూర్చోవాలి.

మేస్త్రి తలలో గీతలుంటాయన్నది తక్కువచేసి అనలేదు. కాకినాడ పక్కన కోరంగిలో ఒకప్పుడు సముద్రాలు దాటే తెరచాప ఓడలు కట్టారు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ఆ రేవును తుడిచిపెట్టాయి. ఆ చేతిపని అటూ ఇటూ చెదిరి తాళ్ళరేవు వైపు కొన ఊపిరితో మిగిలింది. ఆ మేస్త్రీలకు తెలిసింది ఏ పుస్తకంలోనూ లేదు. తండ్రి చేతిలోంచి కొడుకు చేతిలోకి రావడమే తప్ప అది కాగితం ఎక్కలేదు. కొడుకు హైదరాబాదులో డ్రైవరైతే అక్కడితో సరి. ఒక కేంద్రం మనిషి వెళ్ళి, కొలతటేపు పట్టుకుని ఆ పడవల గీతలు రాసుకుని, నమూనా చేసి తొట్టెలో లాగి చూస్తే ఎంత బాగుంటుంది! కొరియావాళ్ళు కేసీఎస్‌ను ప్రపంచానికిచ్చినట్టు, మనం ఒక సోనా బోటు ఆకారాన్నీ, ఒక గోదావరి లాంచీ ఆకారాన్నీ పూర్తి కొలతలతో ఇద్దాం. మన పిల్లల ప్రాజెక్టులు వాటి మీద జరగాలి.

గోదావరి లాంచీ అన్నాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటును తలుచుకోకుండా ఆ మాట అనలేను. పాపికొండలు చూడ్డానికి వెళ్ళిన కుటుంబాలు తిరిగి రాలేదు. బోటును పైకి తియ్యడానికి నెల దాటింది. చివరికి తీసింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం, తాళ్ళతో, లంగర్లతో, తరాల అనుభవంతో. ఆ ప్రమాదం ఎవరి తప్పు అన్నది నేను తేల్చే విషయం కాదు. నన్ను వదలని ప్రశ్న వేరే ఉంది. మన నదుల్లో జనాన్ని ఎక్కించుకుని తిరిగే పడవల్లో ఒక్కదాని ఆకారాన్నయినా వరద గోదావరి సుడిలో పెట్టి, పై అంతస్తులో అందరూ ఒకే పక్కకు చేరితే అది ఎంతవరకూ ఒరిగి నిలదొక్కుకుంటుందో పరీక్షించే చోటు నదికి అందుబాటులో, పడవవాడు లోపలికి నడిచి వెళ్ళగలిగే చోటు ఏదైనా ఉందా? బోటు మీద మనుషుల్నో బరువుల్నో ఒక పక్కనుంచి ఇంకో పక్కకు జరిపి, ఎన్ని డిగ్రీలు ఒరిగిందో లోలకంతో చూసి దాని నిలకడ లెక్కకట్టడం మాకు డిగ్రీలో నేర్పే పాఠం. ఒక పూట పని. జాతీయ కేంద్రం అన్న పేరు పెట్టుకున్నది ఏడాదికి యాభై పడవల దగ్గరికి వెళ్ళి ఆ ఒక పూట పని చేసి, ఫలితం తెలుగులో రాసి సరంగు చేతిలో పెడితే, నా దృష్టిలో ఆ ఖర్చంతా వచ్చేసినట్టే.

నాన్న పోయి మూడేళ్ళవుతోంది. ఆయన నోటుబుక్కులు పదకొండు నా దగ్గరున్నాయి. కొన్నిటిలో పెన్సిలు గీతలు చెరిగిపోయాయి. స్కాన్ చేయించాను. ఫ్రేము నంబర్లు, తేడాలు, పక్కన చిన్న అక్షరాలతో కారణాలు. "వర్షం, చెక్క ఉబ్బింది." "వెల్డింగు ముందే చేసేసినారు." "తెలీలేదు." ఆ చివరి మాట చాలాచోట్ల ఉంది. తెలీనిది కూడా రాసి పెట్టుకున్నాడు.

పోయిన వారం హార్బరుకు వెళ్ళాను. కొత్త బోటు కట్టించుకుంటున్న ఒకాయన తెలిసినవాళ్ళ ద్వారా పిలిపించాడు. ఇంజను పెద్దది పెడితే వేటకు తొందరగా చేరతామా లేక డీజిలే ఎక్కువ తాగుద్దా అని అడిగాడు. బోటు చుట్టూ తిరిగి, ప్రొపెల్లరు దగ్గర వంగి చూసి, నాకు తోచింది చెప్పాను. అంచనాయే, కొలవలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేనన్నాను. ఆయన సరేనని తలూపి, వెళ్ళబోతుంటే ఆపాడు.

"మేడమ్, యార్డు కాడ ఏదో ఓడల ఆఫీసు పెద్దది వస్తాదంట కదా. అందులో మా బోటు కొలుస్తారా?"

నా ఫోన్లో ఆయన నంబరు రాసుకున్నాను. కనుక్కుని చెబుతానన్నాను.